దక్షిణపు గోడ మీది పటం

మూడు కొట్టారు. నాలుగింటికి కడప బస్సు, ఆ బస్సులో ఇన్‌స్పెక్టరుగారు వెళ్ళిపోతారు, ఆలోపల ఆరో ఫారానికి పంపే పిల్లల ఈ జాబితాలోని పదకొండు పేర్లలో ఒక పేరు కొట్టేసి, కింద సంతకం పెట్టి ఇవ్వాలి నేను. ఒక్క గీత సుందరం, అన్నారు హెడ్‌మాస్టరు దావీదురాజుగారు నా భుజం మీద చెయ్యేసి, ఒక్క గీత గీస్తే బడి చదువులో ఆఖరి తరగతి, ఆరో ఫారం, మనకొచ్చేసినట్టే, చరిత్ర, భూగోళం, పౌరధర్మం మూడూ ఇక్కడే చెప్పుకుంటాం, పిల్లలు కడపకు పోయి ఎవరి పంచనో పడి ఉండాల్సిన ఖర్మ తప్పుతుంది, పన్నెండేళ్ళుగా అర్జీలు పెడుతున్నాం గదయ్యా. పెడుతున్నాం, ఎందుకు పెట్టలేదు, ఆ అర్జీలన్నీ రాసింది ఈ చెయ్యే. ఇప్పుడు ఈ చెయ్యే కలం ముంచింది, కాగితం దాకా తెచ్చింది, సిరా కొసన ఆరిపోయింది, మళ్ళీ ముంచాను, మళ్ళీ ఆరింది, మార్చి నెల ఎండ, ఈ బద్వేలు పక్క మార్చిలో మనిషి నోట్లో తడే నిలవదు, సిరా ఏం నిలుస్తుంది. పేరు తొమ్మిదోది. కె. విశ్వాసమ్మ, అయిదో ఫారం, తండ్రి దాసన్న, వృత్తి కూలి. మూడేళ్ళ కిందట వృత్తి దగ్గర సేద్యం అని ఉండేది. దాన్ని దిద్దింది కూడా ఈ చెయ్యే.

పిల్లల్ని బయటికి పంపేశాను. గదిలో నేను, ఖాళీ బెంచీలు, నల్లబల్ల, దాని పక్కన గోడకు వేలాడుతున్న ఇండియా పటం. మొదటి బెంచీలో కూర్చున్నాను, ఆ పిల్ల కూర్చునే చోట, ఎందుకు కూర్చున్నానో తెలీదు, కుర్చీలో కూర్చుంటే గీత సులభంగా గీసేసేవాణ్ణేమో. బెంచీ చెక్క వేడిగా ఉంది. ఎక్కడో మగ్గం ఆడుతోంది, టక్కు టక్కు, ఆగుతోంది, మళ్ళీ టక్కు టక్కు, నేతగాడికి కూడా కునుకు పడుతున్నట్టుంది. సుద్దపొడి ఎండలో తేలుతోంది. రెండింటికి ఇదే ఎండ, ఇదే సుద్దపొడి, ఇదే గది, అప్పుడు నేనెంత ధీమాగా నిలబడ్డానో, ఉతికిన కోటు వేసుకుని, పిల్లల తలలన్నీ నూనె పెట్టి దువ్వించి, ఆయన ఏమడిగినా చెప్పగలిగే పిల్లను ముందు బెంచీలో కూర్చోబెట్టి. అదీ నా తెలివి. నా చేతులతోనే ముందు కూర్చోబెట్టాను దాన్ని.

ఇన్‌స్పెక్టరుగారు గోదావరి పక్క మనిషి, మెత్తగా మాట్లాడతాడు, అరుపులూ కేకలూ లేవు, అదే మరీ చిక్కు. నీ పేరేమిటమ్మా అన్నాడు. చెప్పింది. బంగాళాఖాతం ఎటువైపు ఉందమ్మా అన్నాడు. మూడో ఫారం పిల్లాణ్ణి అడగాల్సిన ప్రశ్న, నేను లోపల నవ్వుకున్నాను కూడా. ఈమె లేచి నిలబడి ఎడమ చెయ్యి చాచి కిటికీ వైపు చూపించింది, ఆ పక్క సార్, అని. ఆయన పటం వైపు చూశాడు, ఎడమ పక్క ఉన్నది అరేబియా సముద్రం. వచ్చి పటంలో చూపించు అన్నాడు. పోయింది, బంగాళాఖాతం మీదే వేలు పెట్టింది, కరెక్టుగా, కుడి పక్కన. హమ్మయ్య అనుకున్నాను. మరి ఇందాక అటు చూపించావేం, అన్నాడాయన.

"పటంలో ఈడ ఉండాది సార్. సముద్రం మాత్రం ఆడ ఉండాది."

"రెంటిలో ఏది నిజం?"

"పటం తప్పుగా ఉండాది సార్."

వెనక బెంచీల్లో మగపిల్లలు కిసుక్కుమన్నారు. సర్కారు సర్వేవాళ్ళు గొలుసులు పట్టుకుని దేశమంతా కొలిచి గీసిన పటం తప్పా అమ్మా, అన్నాడాయన, ఇంకా మెత్తగా. "నేను ఆడికి నడిచి పోయినా సార్" అంది. అప్పుడు తిరిగాడు నా వైపు. ఏమిటి మాస్టారూ ఇది, అన్నాడు. అంతే, పన్నెండేళ్ళ అర్జీలు కళ్ళ ముందు తిరిగాయి, మొద్దు పిల్ల సార్, అన్నాను. అనుకుని అనలేదు, నోరే అనేసింది, నోరు కూడా నాదే గదా. ఆ పిల్ల ఏడవలేదు. వచ్చి కూర్చుని, తెరిచి ఉన్న నోటు పుస్తకం మూసింది. దిక్కులు తెలీని పిల్లను ఆరో ఫారానికి పంపే బడికి నేను అనుమతి ఎలా రాసేది, ఆ పేరు తీసేస్తే మిగతావాళ్ళ మీద రాస్తాను, అని చెప్పి ఆయన హెడ్‌మాస్టరుగారి గదిలోకి వెళ్ళాడు. ఇప్పుడు అక్కడ కాఫీ తాగుతున్నాడు. లోటా చప్పుడు వినిపిస్తోంది.

కోపంగా ఉంది నాకు, అబద్ధమెందుకు, ఆ పిల్ల మీద మండిపోతోంది. వేలు పెట్టావు గదా, పెట్టినదానివి నోరు మూసుకుని వచ్చి కూర్చోవచ్చు గదా, ఆయనతో వాదులాట ఎందుకు నీకు. మగపిల్లలు పేరు కొట్టేసినా కడప బస్సెక్కుతారు, నువ్వెక్కడెక్కుతావు, ఇంటికి పోతావు, ఎల్లుండికి కొడవలి పట్టుకుంటావు, వచ్చే ఏడాదికి ఎవడికో కట్టబెడతారు. మొదట్నించీ అంతే ఇది. చరిత్ర పాఠం చెబుతున్నాను ఒకరోజు, నిజాం నవాబు ఈ నాలుగు జిల్లాలనూ ఇంగ్లీషు కుంపిణీకి ఎలా ఇచ్చేశాడో, పద్దెనిమిది వందల సంవత్సరంలో, సైన్యం ఖర్చుకింద, అందుకే మనల్ని దత్తమండలాలంటారు, ఇప్పుడిప్పుడే కొందరు రాయలసీమ అంటున్నారు, పరీక్షలో మాత్రం దత్తమండలాలనే రాయండి. అందరూ రాసుకుంటున్నారు, కలాల గరగర. ఇది చెయ్యెత్తింది. అప్పుడు మన్నెవరన్నా అడిగినారా సార్, అంది. ఎవర్ని అడుగుతారే, అన్నాను. ఆ కాగితం మీద ఏలిముద్ర ఎవరేసినారు సార్ మరి, అంది. నాకు నవ్వొచ్చింది ఆరోజు. ఇంటికి పోయి భోజనం చేస్తుంటే మాత్రం నవ్వు రాలేదు, ముద్ద చేతిలోనే ఉండిపోయింది కాసేపు, ఏమైంది మీకు అంది మా ఆవిడ ప్రేమమ్మ, ఏం లేదు, కారం ఎక్కువైంది అన్నాను.

ఏలిముద్ర అనడానికి కారణం ఉంది దానికి. నాయన దాసన్న ఏడేళ్ళు కష్టపడి రోడ్డుకు దక్షిణం పక్కన చేను కొన్నాడు, చేనంటే పెద్ద చేనేం కాదు, ఒకే భూమిలో పక్కపక్కన రెండు చెక్కలు, ఒకటి ఇతనిది, రెండోది నరసింహ అనే ఆసామిది, ఇతని చెక్కలో బావి ఉంది. నరసింహ చెక్కలో రాళ్ళున్నాయి. దస్తావేజు రాసేవాడు బద్వేలులో వసారాలో చాప మీద కూర్చుని, చెక్కుబంది రాయాలి, నాలుగు దిక్కులా హద్దులు చెప్పు, అంటే దాసన్న చెప్పబోయాడు, రాసేవాడికి తొందర, ఇంకా పదిమంది కూర్చున్నారు, అదంతా వద్దప్పా, రోడ్డు మీద నిలబడి చేను చూస్తే నీది కుడిచేతి పక్కా ఎడమచేతి పక్కా, అన్నాడు. కుడిచేతి పక్క, అన్నాడు దాసన్న, నిజమే చెప్పాడు పాపం. రాసేవాడు కాగితం మీద చిన్న గీత గీసుకుని కుడి పక్క తూర్పు అని రాసేశాడు. చదివి వినిపించాడు కూడా, గడగడా, దేవుడి గుళ్ళో మంత్రం చదివినట్టు. దాసన్న ఏలిముద్ర వేశాడు. అయిదేళ్ళకు నరసింహ కోర్టుకు పోయాడు. నీ కాగితంలో తూర్పు చెక్క నీదని ఉండాది గదప్పా, తూర్పు చెక్కకే పో, అన్నారందరూ, బావి అటుపోయింది, రాళ్ళు ఇటొచ్చాయి. చట్టం కాగితాన్ని చూస్తుంది గాని మనిషిని చూడదు అని పౌరధర్మం పాఠంలో నేనే చెప్పాను, ఆ పిల్ల నా మొహం వంక చూస్తూ కూర్చుంది. తరవాత ఒక్కతే వచ్చి, ఆడోళ్ళు ప్లీడరు కావచ్చునా సార్, అంది. కావచ్చమ్మా, చట్టమొచ్చింది, పదిహేనేళ్ళయింది, అన్నాను. ఎన్ని ఫారాలు సదవల్ల సార్, అంది. ఆరో ఫారం, తరవాత కాలేజీ, తరవాత లా కాలేజీ. వేళ్ళు మడిచి లెక్క వేసుకుంది. ఆరోది ఈడనే ఉంటే మా నాయన సదివిస్తాడు సార్, అంది.

అదిగో మగ్గం ఆగిపోయింది. నిద్రపోయినట్టున్నాడు. నాకూ కళ్ళు కూరుకొస్తున్నాయి, రాత్రంతా లేదు నిద్ర. పటంలో నదులు నీలంగా కదులుతున్నాయి. పెన్న నీలంగా గీశారు, పాపం, ఎవరు చూశారు పెన్నలో అంత నీలం, మా పెన్న ఏడాదిలో పది నెలలు ఇసకే, నదుల పరీక్షలో ఒక పిల్లాడు పెన్నకు బూడిదరంగు వేస్తే మార్కు తగ్గించాను. వాడు చూసిందే వేశాడు. ఈ పిల్లలు చూసిందే చెబుతారు, ఏం చేస్తాం, బంతిలో భోజనానికి కూర్చుంటే కొంచెం తూర్పుకు జరుగప్పా అంటారు, దుత్త ఏదే అంటే ఉత్తరం మూలనుండాది అంటారు, పడుకోవడానికి ముందు దిక్కు చూసుకుంటారు, వీళ్ళకు కుడి ఎడమలు బళ్ళో నేర్పాలి, నాకూ నేర్పారు, కడపలో డ్రిల్లు మాస్టరు, లెఫ్ట్ రైట్, లెఫ్ట్ రైట్, నేను తప్పు కాలు వేస్తే పిక్క మీద బెత్తం. మా అమ్మ ఎప్పుడూ అనలేదు కుడి అని. తూరుపు చెయ్యి కడుక్కో నాయనా అనేది, నేను గుండ్రంగా తిరిగి ఆ చెయ్యి ఈ చెయ్యి చేసి ఆమెను నవ్వించేవాణ్ణి. ఎన్నేళ్ళయింది ఆ నవ్వు విని. మిషను బడికి పంపిన మొదటిరోజు ఆమె నన్ను గేటు దగ్గర వదిలి అటే చూస్తూ నిలబడింది, నేను తిరిగి చూడలేదు, తిరిగి చూస్తే ఏడుస్తానని.

నా ప్రయాణం అని వ్యాసం రాయించాను పోయినేడు. మగపిల్లలందరూ శ్రీశైలం తిరునాళ్ళకు పోయినట్టు రాశారు, సగం మంది పోలేదు, పక్కవాడిది చూసి రాశారు. విశ్వాసమ్మ ఒకటిన్నర పేజీ రాసింది. వానలు ఎగ్గొట్టిన ఏడు వాళ్ళమ్మ కృపమణి ఎనిమిదేళ్ళ ఈమెను తీసుకుని ఊళ్ళో ఆడవాళ్ళతో కలిసి నెల్లూరి సీమకు నాట్లకు పోయిందట. వెలిగొండలు ఎక్కి దిగి, అయిదు దినాలు. దావ ఎట్ల తెలుస్తాదమ్మా అని అడిగితే, తెల్లారి పొద్దు కంట్లో పొడుస్తా ఉంటే అదే మన దావ, సాయంత్రం వీపు కాల్తా ఉంటే అదే మన దావ, అందట కృపమణి. కరెక్టు. నాట్లు అయిపోయాక ఆడవాళ్ళంతా ఇంత దూరమొచ్చినాం గదా అని సముద్రం చూడ్డానికి పోయారట, తెల్లవారుజామున, ఇసకలో కూర్చున్నారట, పొద్దు నీళ్ళల్లోనించి లేచిందట. పొద్దుకు గూడా ఇల్లు ఆడనే ఉండాది, అని రాసింది. ఆ వాక్యం పక్కన నేను ఎర్ర సిరాతో ఇంటూ పెట్టాను, సూర్యుడు స్థిరంగా ఉంటాడు, భూమి తిరుగుతుంది, అని. ఎంత చదువుకున్నవాణ్ణి నేను.

నడుస్తున్నాను. పటం చుట్టచుట్టి చంకలో పెట్టుకుని నడుస్తున్నాను, వెలిగొండలు దాటాను, నా ముందు ఆడవాళ్ళు మూటలతో పోతున్నారు, ఏమమ్మా సముద్రం ఎటు, అంటున్నాను, ఎవరూ తిరిగి చూడరు, పటం విప్పి చూస్తే కుడి పక్క అని ఉంది, కుడిపక్కకు తిరిగి నడుస్తున్నాను, నడిచేకొద్దీ ఎండ మొహం మీద కొడుతోంది, సాయంకాలపు ఎండ, ఇది ముందుండకూడదే, వీపు మీద గదా ఉండాలి, వీపు కాలితేనే గదా దావ అంది ఆమె, నేనెటు పోతున్నాను, అమ్మా నేనెటు పోతున్నాను.

కళ్ళు తెరిచాను. కునుకు పట్టినట్టుంది, మెడ పట్టేసింది, కాగితం మీద సిరా బొట్టు పడింది, పేరు మీద కాదు, పక్కన. ఎండ నిజంగానే మొహం మీద కొడుతోంది, కుడి పక్క కిటికీలోంచి. చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. చెయ్యి అలాగే ఉండిపోయింది. పొద్దు దిగుతున్నది కుడి పక్కన. నా ఎదురుగా పటంలో కుడి పక్కన ఉన్నది బంగాళాఖాతం. పదిహేనేళ్ళు. ఈ గది ఒకప్పుడు కరువులో గంజి పోసిన కొట్టం, తూర్పున కిటికీలు, పడమర కిటికీలు, ఉత్తరాన తలుపు, ఖాళీ ఉన్నది దక్షిణపు గోడ ఒక్కటే, మేకు కొట్టి పటం తగిలించింది నేనే, దాని ముందు నిలబడి ఇది తూర్పు, ఇది పడమర అని బెత్తంతో కొట్టి కొట్టి చెప్పింది నేనే, బెత్తం తూర్పు అన్నప్పుడల్లా పడమటి కిటికీ వైపే పోతోంది, పదిహేనేళ్ళుగా పోతోంది, ఒక్కరోజూ చూసుకోలేదు. పిల్లలందరూ సరే అన్నారు. వాళ్ళూ పొద్దు ఎటు లేస్తుందో తెలిసినవాళ్ళే, బళ్ళో మాట బళ్ళోది అనుకుని మార్కులు తెచ్చుకుని పోయారు. దస్తావేజు రాసినవాడు చేసిందీ ఇదే గదా, రోడ్డు మీద దక్షిణానికి తిరిగి నిలబడితే కుడిచెయ్యి పడమరవుతుంది, వాడికి కాగితంలో కుడి ఎప్పుడూ తూర్పే. తండ్రికి వాడు చేశాడు. కూతురికి నేను చేశాను. ఆయన అడిగింది ఎటువైపు అని, ఆమె సరిగ్గా ఆ వైపే చూపించింది, బడి మొత్తంలో ప్రశ్న సరిగ్గా విన్నది ఆ పిల్ల ఒక్కతే, దాన్ని నేను మొద్దు అన్నాను.

మూడు ముప్పావు అయివుంటుంది. సంతకం పెట్టాను, గీత లేకుండా. లేచి హెడ్‌మాస్టరుగారి గదికి పోయాను. ఇన్‌స్పెక్టరుగారు కాగితం చూసి పదకొండూ ఉన్నాయే అన్నాడు. దావీదురాజుగారు నా మొహం చూశారు. చెప్పాను. గోడ సంగతి, కిటికీ సంగతి. చేను సంగతి మాత్రం చెప్పలేదు, అది వాళ్ళింటి సంగతి. పటం ఎక్కడ తగిలించినా పైన ఉత్తరమే గదా మాస్టారూ, అన్నాడాయన. కాగితం చూసే మనకు సార్, అన్నాను, మీరు ఎటువైపు అని అడిగారు, ఆ పిల్ల సముద్రం ఉన్న వైపే చూపించింది, తప్పు గోడది, గోడ మీద తగిలించింది నేను. ఆయన కుర్చీలో కూర్చునే దక్షిణానికి తిరిగాడు, చేతులు కొంచెం లేపి కుడి చూసుకున్నాడు, ఎడమ చూసుకున్నాడు, మళ్ళీ దించాడు. తరవాత రాశాడు. ఆరో ఫారానికి అనుమతి, పదకొండు మందికీ. కింద ఇంకో వాక్యం రాశాడు, ఆ తరగతికి భూగోళం, చరిత్ర చెప్పడానికి తగిన శిక్షణ ఉన్న వేరే ఉపాధ్యాయుణ్ణి నియమించుకోవలెను. చదివి వినిపించి నా వైపు చూశాడు. మంచిది సార్, అన్నాను. మంచిదేం కాదు, గుండెలో రాయి పడింది, పన్నెండేళ్ళుగా ఆ తరగతిలో చెప్పబోయే మొదటి పాఠం రాత్రుళ్ళు పడుకుని మనసులో చెప్పుకున్నవాణ్ణి.

బయట మెట్టు మీద కూర్చుని ఉంది విశ్వాసమ్మ. పుస్తకాలన్నీ గుడ్డలో కట్టేసింది, అట్లాసు మాత్రం బడిది, విడిగా మెట్టు మీద పెట్టింది. నీ పేరుంది అన్నాను. తలెత్తింది. "ఉండాదా సార్" అంది, సంతోషం లేదు గొంతులో. అనుమతి వచ్చిందమ్మా, జూన్‌లో ఆరో ఫారం, ఇక్కడే, నువ్వు కూడా. కూర్చునే ఉంది. మూట ముడి మీద చెయ్యి అలాగే ఉంది.

"పేరుంటే సాలదు కదా సార్, నేను రావల్ల" అంది. "మొద్దు అన్నారు సార్ మీరు. అందురి ముందర. నవ్వినారు వాళ్ళు."

"ఇన్‌స్పెక్టరుగారికి చెప్పానమ్మా. తప్పు నాదేనని చెప్పాను."

"యాడ చెప్పినారు సార్?"

"లోపల. హెడ్‌మాస్టరుగారి గదిలో."

"అది ఆడ చెప్పిన మాట సార్. ఇది ఈడ అన్న మాట." తరగతి గది వైపు చూపించింది. కోపంగా అనలేదు. దస్తావేజుల గురించి అంత తెలిసిన పిల్ల మామూలుగా అంది.

బస్సు హారన్ కొట్టింది. ఇన్‌స్పెక్టరుగారు గొడుగు తీసుకుని వరండాలోకి వచ్చారు, వెనక దావీదురాజుగారు సంచీ పట్టుకుని. నలభై ఏడేళ్ళ మనిషిని, పెద్దపిల్ల పెళ్ళి చేసినవాణ్ణి, చర్చిలో రెండో బెంచీ నాది, సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది, కూలి దాసన్న కూతురికి అయివారు తప్పొప్పుకున్నాడని. ఆ ఆలోచన వచ్చింది, రాలేదని చెప్పను. వచ్చింది, ఉంది, నేను నడుస్తున్నాను, గంట తాడు చేతికి తగిలింది. వేళ కాని వేళ గంట కొట్టాను. మగపిల్లలు మైదానంలోంచి ఏమైందో అని పరిగెత్తుకొచ్చారు, లోపలికి పొమ్మన్నాను, పోయి కూర్చున్నారు, గసపెడుతూ. ఒక్క నిమిషం దయచేయండి సార్ అన్నాను ఇన్‌స్పెక్టరుగారితో. ఆయన గుమ్మంలో నిలబడ్డారు. బస్సు మళ్ళీ హారన్ కొట్టింది, ఎవరూ కదల్లేదు. విశ్వాసమ్మ మూట పట్టుకుని ఆయన వెనక నిలబడింది, లోపలికి రాలేదు.

పిల్లలకేసి తిరిగాను. ఎన్నో పాఠాలు చెప్పిన చోటే అది.

"విశ్వాసమ్మ మొద్దు కాదు" అన్నాను. "సముద్రం ఆమె చూపించిన వైపే ఉంది. మొద్దును నేను."

ఎవరూ నవ్వలేదు. ఆమె ఇన్‌స్పెక్టరుగారి పక్కనుంచి లోపలికి వచ్చి, ముందు బెంచీలో తన చోట కూర్చుని, మూట ముడి విప్పింది.